కాటాకు తెలియని లెక్క

ఒళ్లు తగ్గాలి, బలం పెరగాలి... రెండూ ఒకేసారి కుదురుతాయా?

రెండేళ్ల కిందటి మాట. మే నెల ఎండలో నూజివీడు వెళ్లాను. మా పిన్ని వాళ్లకి ఊరి బయట నాలుగెకరాల మామిడితోట ఉంది. ఏటా ఆవకాయ అక్కడే పెట్టుకుని జాడీతో తిరిగి రావడం నాకు అలవాటు.

పంచలో కాయలు కడిగి తుడుస్తూ కూర్చున్నాం. పిన్ని కోడలు, అంటే మా వదిన, ఎందుకో డల్‌గా ఉంది. కదిపితే కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ ఏడు ఫిబ్రవరిలో వాళ్ల తమ్ముడి పెళ్లి. పట్టుచీరలో సన్నగా కనబడాలని రెండు నెలలు కడుపు మాడ్చుకుందట. పొద్దున తేనె నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఒక్క చపాతీ. డెబ్భై కిలోల మనిషి అరవై మూడుకి దిగింది.

"తీరా పెళ్లికెళ్తే ఎవ్వరూ బాగున్నావనలేదు. మొహం పీక్కుపోయిందేంటి, జబ్బు చేసిందా అన్నారు. ఇప్పుడు చూడు, డెబ్భై ఒకటి! పోనీ బలమన్నా ఉందా అంటే, ఆవకాయ జాడీ ఎత్తి అటక మీద పెట్టలేకపోతున్నా. మెట్లెక్కితే ఆయాసం. నా వయసెంతని? నలభై రెండు!"

అదే సమయంలో తోటలో కాయ దింపుతున్నారు. చిక్కాలతో మగవాళ్లు కోస్తుంటే, ఆడవాళ్లు ఏరి, ట్రేలకెత్తి లారీ దగ్గరికి మోస్తున్నారు. వాళ్లలో ఒకావిడకి వదిన ఈడే ఉంటుంది. నలభై అయిదు కిలోలుంటుందేమో. నిండు ట్రేని ఒక్క ఊపున నెత్తికెత్తుకుంది.

"అబ్బ, ఆవిడలా సన్నగా ఉంటే ఎంత బాగుండు!" అంది వదిన.

మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పితే చూశాం. అన్నం, పచ్చిమిరపకాయ తొక్కు, మజ్జిగ. అంతే. "కళ్లు తిరుగుతున్నాయమ్మా, ఈ మధ్య ఓపికుండట్లేదు" అని చెట్టుకింద కాసేపు ఒరిగింది.

ఆ రోజే నాకు ఒక సంగతి బోధపడింది. ఒకరికి తిండి ఉంది, ఒంటికి బరువైన పని లేదు. ఇంకొకరికి బరువైన పని ఉంది, దానికి తగ్గ తిండి లేదు. ఒంట్లో కండ పెరగాలంటే రెండూ కావాలి. ఇద్దరికీ చెరో సగం కరువైంది!

రసమూ టెంకా ఒకటే బరువు

మామిడికాయల యార్డులో కాటా చూశారు కదా? దానికి బరువు తప్ప ఇంకేమీ తెలియదు. అరకిలో కాయలు రెండు పక్కపక్కన పెడితే, ఒకదాన్లో రసం ఎక్కువుండొచ్చు, ఇంకోదాన్లో టెంకే సగముండొచ్చు. కాటా మాత్రం రెండూ అరకిలో అనే చెబుతుంది.

మనం ఎక్కి నిలబడే బరువు మెషీనూ అంతే. ఎముక, నీరు, కండ, కొవ్వు అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. తగ్గిన కిలోలో కొవ్వు ఎంత పోయింది, కండ ఎంత పోయింది అన్నది దానికి పట్టదు.

తిండి మానేసి, ఏ వ్యాయామమూ లేకుండా బరువు తగ్గితే, తగ్గిన దాంట్లో సుమారు నాలుగో వంతు కొవ్వు కాదని నిపుణులు చెబుతారు. కండ కూడా అందులోనే కరిగిపోతుంది. మళ్లీ మామూలుగా తినడం మొదలెట్టగానే కొవ్వు సులువుగా వచ్చేస్తుంది. కండ మాత్రం పని చేయిస్తేగాని రాదు. వదిన విషయంలో జరిగింది ఇదే. అంకె ఒక్కటే పెరిగినా, లోపల కొవ్వు ఎక్కువై బలం తగ్గింది.

సన్నగా ఉన్నవాళ్లకీ ఉంటుంది

"నాకేం, నేను సన్నగానే ఉన్నా" అనుకుంటున్నారా? ఒక ఫోటో కథ వినండి. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ మిత్రులు. ఎత్తునీ బరువునీ కలిపి లెక్కేసే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లండాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం! 2004లో 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో తమ ఫోటోతో సహా ఈ సంగతి ప్రచురించారు.

మన దేశస్తుల తీరే అంత. బరువు మామూలుగానే ఉన్నా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే ఆడవాళ్లకి నడుం కొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడమంటారు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వంద మంది ఆడవాళ్లలో 36 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని తేలింది. ఎక్కువ తిండీ, తక్కువ పోషణా ఒకే రాష్ట్రంలో ఉన్నాయన్నమాట. ఒక్కోసారి ఒకే ఒంట్లో కూడా!

కొవ్వు కండగా మారుతుందా?

మారదు. రెండూ వేర్వేరు. మరి ఎలాగంటారా? రోజువారీ ఖర్చుకి కావలసిన దానికంటే కొంచెం తక్కువ తింటే, ఆ లోటు కోసం ఒళ్లు దాచుకున్న కొవ్వుని తీసి వాడుకుంటుంది. అదే సమయంలో కండకి బరువైన పని చెప్పి, కట్టుకోవడానికి సరుకు, అంటే మాంసకృత్తులు ఇస్తే, కండ పెరుగుతుంది. కొవ్వు ఇంధనం, మాంసకృత్తులు ఇటుకలు అనుకోండి.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. అధిక బరువున్న యువకులకి నాలుగు వారాలపాటు తిండి బాగా తగ్గించి, కఠినమైన వ్యాయామం చేయించారు. మాంసకృత్తులు ఎక్కువ తిన్న జట్టు సగటున 4.8 కిలోల కొవ్వు కోల్పోయి, కండతో కూడిన బరువు 1.2 కిలోలు పెంచుకుంది. తక్కువ తిన్న జట్టులో కొవ్వు 3.5 కిలోలు తగ్గింది గాని కండ దాదాపు ఉన్నంతే ఉంది. వాళ్లు కుర్రాళ్లు, పర్యవేక్షణలో చేశారు. మనం అంత కఠినంగా చేయక్కర్లేదు. రెండూ ఒకేసారి కుదురుతాయన్నది తెలిస్తే చాలు. అన్నట్టు, ఇంతవరకు ఎప్పుడూ బరువులెత్తని వాళ్లకీ, కొవ్వు ఎక్కువున్న వాళ్లకీ ఇది ఇంకా బాగా కుదురుతుంది. అంటే మనకే!

మగాళ్లలా అయిపోతామేమో!

కండ అనగానే మనకి భయం. వ్యాయామం అంటే కోడి రామ్మూర్తి నాయుడు గారి దండీలూ బస్కీలూ, మగవాళ్ల వ్యవహారం అనుకుంటాం. ఆ ఉత్తరాంధ్ర నుంచే వచ్చిన మన ఆడపిల్ల కరణం మల్లీశ్వరి సంగతి మర్చిపోతే ఎలా? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్ లిఫ్టింగ్ పెట్టిందే 2000లో సిడ్నీలో. అక్కడ 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే.

వెయిట్ లిఫ్టింగ్‌లో ఎవరి బరువు విభాగం వారిది. ఆ హద్దు దాటకుండా బలం పెంచుకోవాలి. ఒంట్లో ప్రతి కిలో పనికొచ్చే కిలో కావాలన్నమాట. మనకి కావలసిన సూత్రం అదే, పతకం లేకపోయినా!

ఇక మగాళ్లలా అయిపోతామన్న భయం వద్దు. కండల్ని అంతలా పెంచే హార్మోను మనలో చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజుల అభ్యాసంతో చేతులు గట్టిపడతాయి, నడుం నిటారుగా నిలుస్తుంది. అంతే. ఏ శ్రమా లేకుండా కూర్చుంటే మాత్రం నడివయసు నుంచి పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండ పోతుంది. కండ బాగుంటే రక్తంలో చక్కెర అదుపులో ఉంటుంది. ముట్లుడిగాక ఎముకలకి ఆసరా అవుతుంది. ముసలితనంలో పడిపోకుండా కాపాడుతుంది.

గిన్నె అడుగున పప్పు

ఇప్పుడు అసలు సంగతి, వంటింటిది. అందరికీ వడ్డించాక మనం కూర్చునేసరికి గిన్నెలో ఏం మిగులుతుంది? ముద్దపప్పు పిల్లలకి, గుడ్లు మగవాళ్లకి, చేప నడిముక్క మావగారికి. మనకి అడుగున పల్చటి పప్పు, నాలుగు గరిటెల అన్నం, ఇంత పచ్చడి. కడుపు నిండుతుంది, కండకి ఏమీ అందదు.

లెక్క చూద్దామా? పొద్దున మూడు ఇడ్లీలు, రెండు పూటలా రెండేసి కప్పుల అన్నం, కాస్త పల్చటి పప్పు, కూర, మజ్జిగ, రెండు టీలు. అన్నీ కలిపినా మాంసకృత్తులు 40 గ్రాములు దాటవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి శరీర బరువులో కిలోకి 0.83 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. కొవ్వు తగ్గుతూ కండ పెరగాలంటే కిలోకి 1.2 గ్రాములైనా, అంటే 72 దాకా ఉంటే మేలు.

దానికి పొడి డబ్బాలు కొనక్కర్లేదు. కండలు పెంచడానికి ప్రోటీను పొడులు వాడొద్దని ఆ సంస్థే 2024లో చెప్పింది. మన వంటింట్లోనే సర్దుకుందాం:

పొద్దున: రెండు పెసరట్లు (12 గ్రాములు)

మధ్యాహ్నం: ఒక కప్పు అన్నం, గట్టి పప్పు పెద్ద కప్పు, ఒక గుడ్డు, కప్పు పెరుగు (24 గ్రాములు), కూరలు కావలసినంత

సాయంత్రం: గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక టీ (10 గ్రాములు)

రాత్రి: రెండు చపాతీలు, రెండు గుడ్ల కూర, పడుకునే ముందు గ్లాసు పాలు (24 గ్రాములు)

మొత్తం 70! గుడ్డు బదులు చేప, చికెన్ ఏదైనా సరే. శనివారం గుడ్డు ముట్టనివాళ్లు, అసలు తిననివాళ్లు మీల్ మేకర్ వండుకోండి. పిడికెడు, అంటే 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాములుంటాయి. ఉలవలు, అలసందలు, వేరుశనగలు, పనీరు అన్నీ మనవే. పల్లీల్లో నూనె ఎక్కువ కాబట్టి గుప్పెడుతో ఆపండి.

తగ్గించాల్సింది అన్నం, నూనె, చక్కెర. రోజుకి 300 క్యాలరీలు తగ్గించినా నెలకి కిలో కొవ్వు కరుగుతుంది. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700 క్యాలరీలే మరి. నెలకి పదికిలోలు తగ్గిస్తామనే ప్రకటనల జోలికి పోకండి.

ఇంట్లోనే అయిదు

"పొద్దస్తమానం పనే కదా, ఇంకా వ్యాయామం ఏంటి?" అంటారా? నిజమే, ఇల్లు ఊడ్చడం, బట్టలుతకడం శ్రమే. కానీ రోజూ అదే బరువు, అదే పని. ఒంటికి అలవాటైపోయాక కండ పెరగడానికి కారణం ఉండదు. బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడమే కిటుకు. జిమ్ ఉంటే సరే. లేకపోతే ఇవి చాలు:

1. కుర్చీ బస్కీ: కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేవాలి. నెమ్మదిగా మళ్లీ కూర్చోవాలి. అలవాటయ్యాక బియ్యం సంచి గుండెకి హత్తుకుని చెయ్యండి.

2. గోడ దండీ: గోడకి రెండు చేతులూ ఆనించి, ఒంటిని వంచకుండా ముందుకి వాలి వెనక్కి నెట్టాలి. తర్వాత వంటింటి గట్టు, ఆ తర్వాత మంచం పట్టె.

3. సంచి ఎత్తడం: నడుం నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి, నేలమీది సంచిని రెండు చేతులతో ఎత్తి నిలబడాలి. వీపు గూనిగా వంగకూడదు.

4. సంచి లాగడం: ఒక చెయ్యి మంచంమీద ఆనించి ముందుకి వంగి, రెండో చేత్తో సంచిని నడుం దాకా లాగాలి. బావిలో చేద తోడినట్టు.

5. తలపైకి: రెండు నీళ్ల సీసాలు భుజాల దగ్గర నుంచి తలపైకి ఎత్తి దించాలి. లీటరు నీళ్లు కిలో బరువు.

ఒక్కొక్కటి పదిసార్లు, రెండు దఫాలు. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. పన్నెండుసార్లు తేలిగ్గా చేయగలిగితే బరువు పెంచే రోజు వచ్చిందన్నమాట. వారానికి రెండు లేక మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. మిగతా రోజుల్లో చురుగ్గా నడక, వారానికి 150 నిమిషాలు. ఏడెనిమిది గంటల నిద్ర. కండ కట్టుకునేది ఆ విశ్రాంతిలోనే.

పొట్టకి మాత్రమే వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వు కరుగుతుందనుకోకండి. కొవ్వు ఒళ్లంతటి నుంచీ తనకి తోచిన వరుసలో పోతుంది.

బీపీ, గుండెజబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి. షుగరుకి మందులో ఇన్సులినో వాడేవాళ్లు తిండి మార్చేముందు తప్పక అడగాలి. కిడ్నీ జబ్బుంటే మాంసకృత్తులు సొంతంగా పెంచకూడదు. రక్తహీనత ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

మరి మామిడిపండో?

నూజివీడులో ఇవన్నీ చెబితే ఎవరైనా మొదట అడిగేది ఇదే! చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి ఇంటి నిండా ఉంటే నోరు కట్టుకోమంటే ఎట్లా?

కట్టుకోనక్కర్లేదు. నూరు గ్రాముల మామిడి గుజ్జులో 60 క్యాలరీలే, చక్కెర 14 గ్రాములు. ఒక మాదిరి పండు తింటే కొంపలేం మునిగిపోవు. చిక్కల్లా భోజనం పూర్తయ్యాక, పెరుగన్నంలో రెండు పండ్లు పిండుకోవడంతోనే. పండు తినే పూట ఆ మేరకి అన్నం తగ్గించండి. ఆవకాయ ముక్క తినండి, పైన తేలే నూనె పక్కకి తియ్యండి. చెంచా నూనె అంటే 45 క్యాలరీలు. షుగరున్నవాళ్లు తమ డాక్టరు చెప్పినంతే.

జాడీ అటకెక్కింది

ఇవన్నీ అప్పట్లో వదినకి కాగితం మీద రాసిచ్చాను. "రెండు నెలల్లో ఎంత తగ్గుతా?" అంది. "బరువు మెషీను నెలకోసారే ఎక్కు. టైలరు టేపుతో నడుం కొలుచుకో. జాకెట్టు ఏం చెబుతుందో విను" అన్నాను.

మొదటి నెల అరకిలో కూడా తగ్గలేదని ఫోను చేసి విసుక్కుంది. మూడో నెల కాబోలు, "జాకెట్టు నడుం దగ్గర వదులైందే!" అంది. వడ్డించేటప్పుడు తన కంచంలో కూడా పప్పు, గుడ్డు ముందే వేసుకోవడం మొదలెట్టిందట. అత్తగారు, అంటే మా పిన్ని, మొదట వింతగా చూసి, తర్వాత తనూ ఓ గుడ్డు వేయించుకుందట! అరవై అయిదేళ్ల పిన్ని ఇప్పుడు కుర్చీ బస్కీలు తీస్తోంది. వయసు అడ్డం కాదు. 1990లో అమెరికాలో ఎనిమిది వారాలు బరువులెత్తించి చూస్తే, తొంభై ఏళ్ల వాళ్ల కాళ్లకి కూడా బలం రెట్టింపుకి మించి పెరిగింది మరి.

ఈ ఏడు మే నెలలో మళ్లీ వెళ్లాను. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి మారింది గాని, తోటలూ ఎండలూ ఆవకాయా ఎక్కడికీ పోలేదు. వదిన అరవై ఏడు కిలోలుంది. రెండేళ్లలో తగ్గింది నాలుగు కిలోలే. కానీ నడుం నాలుగంగుళాలు తగ్గింది. కాటా సగం కథే చెప్పింది!

కలిపిన ఆవకాయ జాడీని ఎవరినీ పిలవకుండా పొదివి పట్టుకుని స్టూలెక్కి అటకమీద పెట్టి దిగింది. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే నవ్వింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పది గంటలకి తోటలో పనివాళ్లకి టీ తీసుకెళ్లే గిన్నె పక్కన ఇంకో గిన్నె ఉంది. మూత తీస్తే ఉడకబెట్టిన గుడ్లు, శనగలు.

"మోసేది వాళ్లు కదా" అంది వదిన. "నాకు లేని సగం నేను తెచ్చుకున్నా. వాళ్లకి లేని సగం కూడా అందాలి కదా మరి!"

ఈ పూట మీ ఇంట్లో గరిటె మీ చేతిలోనే ఉంటుంది. గట్టి పప్పు మీ కంచంలో కూడా ముందే వేసుకోండి. అది తిన్న బలంతో, రేపు ఆ బియ్యం సంచి మీరే ఎత్తి చూడండి!